మందగతి దృశ్యాలు – సాఫ్ట్‌వేర్ ఎంపిక

కాలాన్ని ఆపడం మానవునికి సాధ్యం కాదు. కాని కదలికను నెమ్మదింపజేసి చూడడం సాధ్యమే. ఆస్ట్రియా దేశపు మతాచార్యుడు ఆగస్ట్ ముస్గర్ 1904లోనే ఇందుకొక పరికరానికి పేటెంటు పొందాడు. ఒకనాడు శాస్త్రజ్ఞులకు, చలనచిత్ర నిర్మాతలకు మాత్రమే అందిన ఈ విద్య నేడు విద్యార్థి చేతిలోని సెల్‌ఫోనులో ఇమిడి ఉంది. వార్షికోత్సవమైనా, ఆటల పోటీలైనా స్లో మోషన్ లేని వీడియో అరుదు. అయితే ఇందుకు ఏ సాఫ్ట్‌వేర్ ఉత్తమమైనదన్న ప్రశ్నతోనే మన విద్యార్థులు ఆలోచన ప్రారంభిస్తున్నారు. అది రెండవ ప్రశ్న కావాలని నా అభిప్రాయం.

కెమెరా సెకనుకు ఎన్ని ఫ్రేములు తీసిందన్నది మొదటి ప్రశ్న. బావిలో నీరుంటేనే కదా చేదలోకి వచ్చేది! సెకనుకు 120 ఫ్రేముల వంతున తీసి 30 వంతున ప్రదర్శిస్తే దృశ్యం నాలుగింతలు నెమ్మదిగా సాగుతుంది. ప్రతి ఫ్రేమూ నిజంగా జరిగినదే. 30 వంతున తీసినదాన్ని అంతే నెమ్మదింపజేయాలంటే ప్రతి రెండు ఫ్రేముల నడుమ మూడు కొరతపడతాయి. ఉన్న ఫ్రేమునే మళ్ళీ మళ్ళీ చూపితే దృశ్యం కుదుపులతో నడుస్తుంది. రెండింటిని కలిపితే మసకబారుతుంది. మూడవ పద్ధతి ఆప్టికల్ ఫ్లో: ఏ బిందువు ఎటు కదిలిందో లెక్కగట్టి లేని ఫ్రేమును కల్పిస్తుంది. చూపులకు ఇదే నునుపు. కాని ఇది ఊహ మాత్రమే.

పెండ్లి వీడియోలో పూలజల్లుకు ఈ ఊహ తగును, సాక్ష్యానికి తగదు. మన పొరుగున శ్రీకాళహస్తిలో కలంకారీ చిత్రకారుని చేతిలోనిది వెదురు కలం. ఉర్దూ లిపికారునిది రెల్లు కలం. కలమన్న మాటే ఉభయ భాషలకు ఉమ్మడి సొత్తు. ఆ కలం మొన మలుపు తిరిగే క్షణాన్ని నేర్చుకొనేవారికి చూపదలచినప్పుడు, కల్పిత ఫ్రేములో మొన వంగిపోవచ్చు, వ్రేలు గీతలో కరగిపోవచ్చు. 2015లో ఆరంభమైన ఐఐటీ, ఐసర్ సంస్థల ప్రాంగణాలు నేడు మన ఏర్పేడు ప్రాంతంలోనే ఉన్నాయి. రేపు అక్కడ చదువదలచిన విద్యార్థి, రాలే నీటిబొట్టు వేగాన్ని కల్పిత ఫ్రేములతో లెక్కిస్తే అది కొలత అనిపించుకోదు.

ఇక రెండవ ప్రశ్న. ఎక్కువ ఫ్రేములతో తీసిన దృశ్యానికి ఉచితంగా లభించే కెడెన్‌లైవ్ చాలును. డావిన్చీ రిజాల్వ్ ఉచిత ప్రతిలోనే ఆప్టికల్ ఫ్లో ఉంది. అయితే అది శక్తిమంతమైన గ్రాఫిక్స్ కార్డును కోరుతుంది. ఇంకా సూక్ష్మమైన స్పీడ్ వార్ప్ మాత్రం రుసుము చెల్లించే స్టూడియో ప్రతికే పరిమితం. అడోబీ ప్రీమియర్ ప్రోలో పై మూడు పద్ధతులూ ఉన్నాయి గాని, దానికి చందా కట్టాలి. తల్లిదండ్రుల కష్టార్జితాన్ని చందాలకు వెచ్చించడం, లేదా దొంగప్రతిని వాడడం, రెండూ విద్యార్థికి అనవసరమే. 120 ఫ్రేములు తీసేటప్పుడు ఒక్కొక్క ఫ్రేముకు సెకనులో 120వ వంతుకు మించి వెలుతురు అందదు. 50 సైకిళ్ళ విద్యుత్తుపై వెలిగే పాతరకం ట్యూబులైటు సెకనుకు 100 మార్లు మినుకుమంటుంది. మన సీమ ఎండకు ఈ దోషమూ లేదు, రుసుమూ లేదు.

కనుక విద్యార్థి మిత్రులారా, ముందు ఎండలోకి నడచి ఎక్కువ ఫ్రేములతో చిత్రించండి. పిమ్మట మీ కంప్యూటరు మోయగల సాఫ్ట్‌వేర్‌ను ఎన్నుకోండి. ఫ్రేములను కల్పించవలసివస్తే ఆ సంగతి దృశ్యం క్రింద వ్రాయండి. అందంకోసం కల్పన చేయవచ్చు. కల్పనను నిజమని చూపరాదు.