గానఫలకముల గుణపరీక్ష

బరువైన వినైలు రికార్డులన్నియు మేలైనవను మాట నేడు విపణియందు వ్యాపించి యున్నది. 180 గ్రాముల తూకమని చీటీపై చదివి హెచ్చు వెల యిచ్చుట గృహిణికి తగదని మా యభిప్రాయము. తూకము పళ్లెమునకు గట్టిదనము నిచ్చును గాని గానమునకు మాధుర్యము నీయజాలదు.

మాధుర్యము పుట్టుచోటు వేఱు. అల్యూమినియము బిళ్లకు లాకరు పూసి, వాడిముల్లుతో గాడి చెక్కుదురు. మంద్రస్వరములు గాడిని మిక్కిలి వెడల్పు చేయును. కావున చెక్కునపుడు మంద్రమును తగ్గించి తారమును హెచ్చింతురు. వినునపుడు యంత్రము దానిని సరిచేయును. పళ్లెము నడుమకు పోయినకొలది గాడిచుట్టు చిన్నదగుటచే కడపటి పాటలో స్పష్టత తగ్గును. అందుచే నేర్పరులు ఒక్కొక్క ప్రక్క పాటలను మితముగా నుంతురు. పిదప లాకరుపై వెండిపూత వేసి, విద్యుత్తుచే నికెలు పొర పట్టించి అచ్చులు తీయుదురు. అచ్చు అరిగినచో ప్రతియు చెడును.

2022లో అమెరికాలోని మొబైల్ ఫిడెలిటీ సంస్థవారు, కొనువారు కేవలము టేపునుండి చెక్కినవని నమ్మిన పెక్కు రికార్డులకు నడుమ డిజిటలు ప్రతిని వాడినట్లు వెల్లడియయ్యెను. అవి చెవికింపుగానే యుండెను. అయినను ఇంపు వేఱు, చెప్పవలసినది చెప్పకుండుట వేఱు గదా!

కావున కొనునపుడు మూలమేదియో యడుగుడు. గాడి ముగిసినచోట చెక్కిన గుర్తులను చూడుడు; వానివలన చెక్కినవారిని, అచ్చును పలుమాఱు తెలిసికొనవచ్చును. వంకర లేకుండుటయు, రంధ్రము సరిగా నడుమ నుండుటయు పరీక్షింపుడు. ఇంట నిలువుగా నుంచుడు. తుదితీర్పు చీటీకి గాక చెవికే విడువుడు.