పుస్తకముపై పేరు, పుస్తకమునకు తాళము

ఆత్తిపట్టులో మా యింటి పడమటిగదిలో మా తాతగారి చెక్కపెట్టె యొకటి నేటికిని ఉన్నది. అందులో చెన్నపట్టణమున వావిళ్లవారు అచ్చువేసిన పుస్తకములు పండ్రెండో పదమూడో మిగిలినవి. ప్రతి పుస్తకపు తొలిపుటమీదను ఆయన తన పేరును, ఊరిపేరును, కొన్న తేదీని నల్లసిరాతో వ్రాసికొనిరి. పెట్టెకు గొళ్లెమే గాని తాళము లేదు. అడిగినవారికి పుస్తకమిచ్చి, అది మరల ఇల్లు చేరువరకు తీసికొన్నవారి పేరు గోడమీద సుద్దతో వ్రాసియుంచుట ఆయన పద్ధతి. పుస్తకముపై పేరుండవచ్చును గాని పుస్తకమునకు తాళముండరాదను నీతిని నేను ఆ పెట్టె చూచియే నేర్చితిని. నేడు ఆన్‌లైన్ అంగళ్లలో కొనుచున్న ఈ-పుస్తకములను గూర్చి నేను చెప్పదలచినదియు అదియే.

తమిళనాట ఆంధ్ర సరిహద్దున నున్న మావంటి ఊళ్లవారికి ఈ విషయము మిక్కిలి ముఖ్యమైనది. 1953లో ఆంధ్రరాష్ట్ర మేర్పడిననాడు తిరుత్తణి చిత్తూరు జిల్లాలోనిది. సరిహద్దు తగవును పరిష్కరించిన పటాస్కరుగారి నిర్ణయము ననుసరించి వెలువడిన 1959 నాటి శాసనమువలన, 1960 ఏప్రిల్ 1వ తేదీన, తిరుత్తణి తాలూకాలో అధికభాగము మద్రాసు రాష్ట్రమున చేరెను. దానికి బదులుగా తిరువళ్ళూరు, పొన్నేరి తాలూకాల గ్రామములు కొన్ని ఆంధ్రప్రదేశమునకు సంక్రమించెను. సరిహద్దు గీత జరిగినను ఇండ్లలో మాట మారలేదు. అయితే 2006 నాటి తమిళనాడు శాసనము తమిళమును బడులలో తప్పనిసరి భాషగా నిర్ణయించిన పిదప, ఇంట తెలుగు మాటలాడు పిల్లవానికి తెలుగక్షరము దొరకు తావులు తరిగిపోయినవి. ఒకప్పుడు తెలుగు పుస్తకమునకు పుట్టినిల్లు మాకు దాపుననున్న చెన్నపట్టణమే. 1854లో వావిళ్లవారి ముద్రణాలయము వెలసినది అక్కడ. 1914లో ఆంధ్రపత్రిక బొంబాయి విడిచి వచ్చి చేరినది అక్కడ. 1924లో భారతి, 1947లో చందమామ పుట్టినవి అక్కడ. ఆ ప్రచురణరంగము క్రమక్రమముగా విజయవాడకును హైదరాబాదునకును తరలిపోగా, మాకు తెలుగు పుస్తకము కావలెనన్నచో తిరుపతి బస్సెక్కుటయో, తపాలావాని రాకకై ఎదురుచూచుటయో తప్ప గత్యంతరము లేకపోయెను.

ఇట్టి మాకు ఈ-పుస్తకము వరమై రావలసినది. బస్సు ఛార్జీ లేదు, సొమ్ము చెల్లించి తపాలా వి.పి.పి. విడిపించుకొను శ్రమ లేదు, రాష్ట్రముల సరిహద్దు అడ్డురాదు. కాని 2016 డిసెంబరులో అమెజాన్ సంస్థ ఈ-పుస్తకములు చదువు యంత్రమైన తన కిండిల్‌లో హిందీ, తమిళము, మరాఠీ, గుజరాతీ, మలయాళము అను ఐదు భారతీయ భాషల పుస్తకములకు తలుపు తెరచినప్పుడు, ఆ ఐదింటిలో తెలుగు లేకపోయెను. 2018లో ఆ సంస్థ రచయితలకు నడపిన పోటీలో ఆంగ్లముతోపాటు హిందీకిని తమిళమునకును స్థానము కలిగెను, తెలుగునకు కలుగలేదు. ఒకే వీధిలో ఒకే యంత్రమును కొన్న ఇద్దరిలో తమిళ మిత్రుడు తన భాషలో నవలలు చదివికొనుచుండగా, తెలుగువాడు తన భాషను దానిలో వెదకి వెదకి విసిగిపోవలసిన వాడయ్యెను. కోట్లమంది మాటలాడు భాషకు ఈ గతి పట్టుట సహింపరానిది. పాఠకులకు ఒక్క అంగడియే దిక్కైనచో, ఆ అంగడివాని పట్టికయే వారి గ్రంథాలయమగును.

మరి అంగళ్లు పెక్కు ఉండి, పోటీపడి, పాఠకునికి మేలు చేయు మార్గము కలదా? కలదని నాకు తెలియజేసినవి కొన్ని ఆటపుస్తకములు. చెన్నైలో ఉద్యోగము చేయుచున్న మా తమ్ముని కుమారుడు పండుగకు వచ్చి, "పెదనాన్నా, ఇవి చదివి ఆడుకునే కథలు" అని తన కంప్యూటరులో వానిని చూపెను. ఆంగ్లమున రోల్ ప్లేయింగ్ గేమ్ అనబడు ఈ క్రీడలో నలుగురైదుగురు బల్లచుట్టు కూర్చుందురు. ఒకడు కథ నడపును. తక్కినవారు తలకొక పాత్ర ధరించి, ఆపద వచ్చినప్పుడు ఏమి చేయుదురో నోటితో చెప్పుదురు. జయాపజయములను పాచికలు నిర్ణయించును. 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనువారు వెలువరించిన డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఈ జాతికి ఆద్యము. ఆటకు నియమములును, కథాలోకపు వర్ణనలును, పటములును గల పుస్తకములే పెట్టుబడి; వానిని వ్రాయువారిలో అనేకులు ఒంటరిగా పనిచేయు చిన్న రచయితలు. అనగా పాఠకులు కొలదిమంది, దూరదూరముగా చెదరియున్నవారు, ప్రచురణకర్తలు అల్పవిత్తులు. మన తెలుగు పుస్తకమునకు దీనికన్న దగ్గరి పోలిక ఏమున్నది?

ఆ పుస్తకములను పి.డి.ఎఫ్. రూపమున అమ్ముటకు 2001లో ఆర్‌పీజీ‌నౌ అను అంగడియు, 2004లో డ్రైవ్‌త్రూ‌ఆర్‌పీజీ అను అంగడియు వెలసినవి; 2006లో ఆ రెండును ఒకే సంస్థ క్రిందికి వచ్చినవి. రెండవ అంగడి ఆరంభమున తన పుస్తకములకు అడోబీ వారి సాంకేతికమైన తాళము బిగించెను. కొన్నవాడు తన యంత్రములోనే, అనుమతింపబడిన తీరుననే తెరువవలెను. పాఠకులు దీనికి గట్టిగా ఎదురు తిరిగిరి. అంతట ఆ అంగడివారు తాళము విడిచి, వాటర్‌మార్క్ పద్ధతి నవలంబించిరి: కొన్నవాని పేరును, కొనుగోలు సంఖ్యయు ప్రతి పుట అడుగునను సన్నని అక్షరములలో ముద్రితమై వచ్చును. పుస్తకమును అతడు ఏ యంత్రమునకైనను మార్చుకొనవచ్చును, అచ్చు తీసికొనవచ్చును. దానిని ఊరంతటికి పంచిపెట్టినచో మాత్రము అతని పేరే సాక్ష్యమై నిలుచును. ఈ సంగతి వినినప్పుడు నాకు మా తాతగారి నల్లసిరా సంతకము కన్నులయెదుట నిలిచినది.

తాళము లేకుండుటలోని మేలు 2009లో ప్రత్యక్షమయ్యెను. ఆ సంవత్సరము ఏప్రిల్‌లో, డంజన్స్ అండ్ డ్రాగన్స్ ప్రకాశకులైన విజర్డ్స్ ఆఫ్ ది కోస్ట్ వారు, దొంగప్రతులు వ్యాపించుచున్నవను కారణము చూపి, తమ పి.డి.ఎఫ్.లను అన్ని అంగళ్లనుండియు ఒక్కసారిగా ఉపసంహరించుకొనిరి. సొమ్ము చెల్లించినవారు సైతము తమ పుస్తకమును అంగడినుండి మరల దించుకొనలేకపోయిరి. 2013 జనవరి వరకు అవి తిరిగి అమ్మకమునకు రాలేదు. అయినను, అంతకు మునుపే ప్రతిని దించి దాచుకొన్నవాని పుస్తకము అతనివద్దనే చెక్కుచెదరక ఉండెను. అదే సంవత్సరము జులైలో, హక్కులులేని ప్రచురణకర్త అమ్మెనను కారణముచేత, జార్జ్ ఆర్వెల్ రచించిన 1984, యానిమల్ ఫార్మ్ గ్రంథముల ప్రతులను అమెజాన్ సంస్థ పాఠకుల కిండిల్ యంత్రములనుండి దూరమునుండియే తుడిచివేసి, సొమ్ము వాపసు చేసెను. 2019లో మైక్రోసాఫ్ట్ తన ఈ-పుస్తకముల అంగడి మూసినప్పుడును పాఠకునికి సొమ్ము దక్కెనే గాని పుస్తకము దక్కలేదు. సొమ్ము వాపసు వచ్చినంత మాత్రమున, సగము చదివి గుర్తు పెట్టుకొన్న పుట తిరిగి వచ్చునా?

అంగళ్ల పోటీలో ఇంకొక సూక్ష్మము కలదు. డ్రైవ్‌త్రూ‌ఆర్‌పీజీ తనయొద్దనే అమ్ము ప్రచురణకర్తకు ధరలో 70 శాతమును, ఇతర అంగళ్లలోను అమ్మువానికి 65 శాతమును ఇచ్చు పద్ధతి పెట్టెను; స్వేచ్ఛకు మూల్యము నూటికి ఐదు. ఇచ్.ఐఓ అను మరియొక అంగడి 2015 నుండి తన వాటా ఎంతయో నిర్ణయించు అధికారమును అమ్మువానికే విడిచినది. మామూలుగా పదోవంతు, రచయిత కోరినచో సున్న. కొనువాడు ఇష్టపడినచో రచయితకు నిర్ణీత ధరకన్న ఎక్కువయు ఇచ్చుకొనవచ్చును. 2020 జూన్‌లో ఆ అంగడివారు వందలకొలది రచయితలు ఉచితముగా ఇచ్చిన ఆటలను, ఆటపుస్తకములను ఒక్క మూటగా అమ్మి, జాతిన్యాయమునకై 80 లక్షల డాలర్లకు మించిన ద్రవ్యము సమకూర్చిరి. ఇక అమెజాన్ వారి స్వయంప్రచురణ నియమమును చూడుడు: భారతదేశపు అమ్మకములమీద 70 శాతము పొందగోరు రచయిత, తన ఈ-పుస్తకమును తొంబదేసి దినముల గడువులతో ఆ సంస్థకే ప్రత్యేకించి అప్పగింపవలెను, కాదన్నచో 35 శాతమే. ఒకచోట స్వేచ్ఛకు మూల్యము ఐదు, మరొకచోట ముప్పదియైదు. ఇంత మూల్యము పెట్టినచోట రచయిత చిన్న అంగడివైపు కన్నెత్తి చూడగలడా? అతడు చూడకున్నచో, ఆ చిన్న అంగడి ఎన్నాళ్లు నిలుచును?

తెలుగున ఈ వ్యాపారమును తొలుత తలకెత్తుకొన్నవారిలో కినిగె ముఖ్యము. 2010లో హైదరాబాదున వెలసిన ఆ అంగడి, పెద్ద సంస్థలు తెలుగును తలపని కాలమున, వేలమైళ్ల దూరమునందలి ప్రవాసాంధ్రులకు సైతము తెలుగు పుస్తకము నందించెను; ఆ ఋణము మనము మరువరాదు. తరువాత గూగుల్ వారి పుస్తకవిపణిలోను తెలుగు చేరినది. ప్రతిలిపి వంటి వేదికలు ఫోనులోనే కథలు చదివించు అలవాటు చేసినవి. కాని ఈ మార్గములలో పెక్కింట పుస్తకము అంగడి చెప్పిన యాప్‌లోనే తెరచుకొనును. కొన్నది పుస్తకమా, చదువుకొను అనుమతియా అని పాఠకుడు సందేహింపవలసి వచ్చుచున్నది. నేనును ఒకప్పుడు ఒక అంగడిలో కొన్ని తెలుగు నవలలు కొని, ఫోనులో భద్రముగా ఉన్నవని నమ్మితిని. ఆ అంగడి పుస్తకముల అమ్మకము మానుకొన్న పిదప పాత ఫోను చెడిపోయి కొత్తది కొనగా, ఒక్క నవలయు మిగులలేదు. తాతగారి పుస్తకములు చెదపురుగులకు ఎదురు నిలిచి మిగిలినవి. నావి నాలుగేండ్లు నిలువలేదు.

"తాళము తీసినచో దొంగలు పడుదురు" అని ప్రచురణకర్తలు భయపడుదురు. వారి భయము నిరాధారము కాదు. కొత్త నవల వెలువడిన వారమునకే దాని నకలు ఫోనులనుండి ఫోనులకు పాకుట మనము చూచుచునే యున్నాము. అయితే ఆ నకళ్లలో పెక్కు అచ్చుపుస్తకమును స్కాన్ చేసినవి. ఈ-పుస్తకపు తాళము వానిని ఎట్లు ఆపగలదు? తాళము బాధించునది సొమ్ము చెల్లించిన సత్పురుషునే. అతనికి న్యాయమైన ధరకు, ఇష్టమైన యంత్రములో, తన పేరుతో పుస్తకము దొరకినచో దొంగప్రతి వెదకవలసిన అగత్యము తగ్గును. ప్రభుత్వమును ఇందు చేయూత నీయవలెను. అచ్చుపుస్తకముపై జి.ఎస్.టి. లేకున్నను, ఈ-పుస్తకముపై 18 శాతము విధించి, 2018లో అచ్చుప్రతి గలవానికి మాత్రము 5 శాతమునకు తగ్గించిరి. తెరమీదనే పుట్టిన తెలుగు పుస్తకము చేసిన పాపమేమి?

కావున నా విన్నపము ఇది. తెలుగు ప్రచురణకర్తలు ఒక్క పుస్తకమునైనను రెండు మూడు అంగళ్లలో ఒకే ధరకు ఉంచవలెను. తాళమునకు బదులు కొన్నవాని పేరు ముద్రించిన ప్రతి నీయవలెను. రచయితలు ఒడంబడికలో తమ ఈ-పుస్తకపు హక్కును ఏ ఒక్క అంగడికిని శాశ్వతముగా తాకట్టు పెట్టరాదు. పాఠకులమైన మనము కొనుటకు ముందు, 'ఈ పుస్తకమును నేను దించి దాచుకొనవచ్చునా?' అని అడుగుట అలవరచుకొనవలెను. తెలుగునకు తలుపు తెరువని పెద్ద అంగళ్లను, తెరచువరకు మర్యాదగానే, మాటిమాటికి అడుగుచుండవలెను.

మొన్న మా తమ్ముని కుమారుడు తిరిగి పోవునప్పుడు తన ఆటపుస్తకమొకటి నా కంప్యూటరులో తెరచి చూపెను. పుట అడుగున అతని పేరు, మా యింటిపేరుతో సహా, చిన్న అక్షరములలో ఉన్నది. అతడు వెళ్లిన పిదప పడమటిగదికి పోయి, పెట్టె గొళ్లెము తీసి, తాతగారి సంతకము మరియొకసారి చూచితిని. ఆ యింటిపేరే అక్కడను ఉన్నది. అక్కడ అది తెలుగు పుస్తకముమీద ఉన్నది. కంప్యూటరులోని తెలుగు పుస్తకముమీద దానిని చూచు దినమునకై ఎదురుచూచుచున్నాను.