రేకు కోయుట నీచమా?

మన విద్యావంతుల గృహములలో గోడనున్న చిత్రమునకుఁ గల గౌరవము, ఆ చిత్రమునకు మూలమైన పలకను కోసిన చేతికి లేదు. కొమార్తె చిత్రలేఖనము నేర్చినచోఁ దండ్రి సంతసించును, ఆమె యుక్కురేకును కోయఁబూనినచో మాత్రము "ఇది కంసాలి పని, మన కేల?" యని వారించును. ఈ వారింపులో ప్రేమ కొంత, కులాహంకారము కొంత కలవు. రెంటిని విడఁదీసి చూడవలయును.

అపాయభయము ప్రేమవలనఁ గలిగినది. దానికి నేర్పు సమాధానము గాని నిషేధము గాదు. వెలుతురు సోకిన గట్టిపడు పూతగల యుక్కుపలకలు వచ్చిన పిదప, ఇంటిలో ఆమ్లముతోఁ బని లేదు. వెలుతురు సోకని పూత నీటితోఁ గడిగినఁ బోవును. మిగిలిన యపాయ మెల్ల అంచునందే కలదు. వంటింటి కత్తెరతోఁ గోసినచో రేకు మెలితిరుగును, పూత పగులును, వ్రేలు తెగును. కావున ఎండ తగులని పసుపుదీపపు వెలుతురులో, పలకను శుభ్రమైన కాగితముపై బోర్లించి, బల్లకు బిగించి, ఉక్కుబద్ద నానించి, లోహపు వెనుకవైపున ఒకే గీటుపై వాడిమొనతోఁ బలుమాఱు గీయవలయును. ఇందుకు బలముకంటె ఓపిక ముఖ్యము. గీటు లోతైన పిమ్మట చేతితొడుగులు ధరించి అటు నిటు వంచినచోఁ బలక విఱుగును. అంచులను ఆకురాతితో ఏటవాలుగా అరగదీయవలయును. లేనిచో అచ్చుయంత్రపు ఒత్తిడికి అవి కాగితమును, ఉన్నిబట్టను చీల్చును. రజమును ఊదక తడిగుడ్డతోఁ దుడువవలయును. ఇందు స్త్రీకి అసాధ్యమైన దేది?

"అంగడిలోఁ గోయించుకొనరాదా?" యందురు. కోయించుకొనవచ్చును. కాని పలక యంచు కాగితముపై నొత్తుకొని చిత్రమునకు ఎల్ల యగును. ఎల్లను తాను నిర్ణయింపలేనివారు అంగడివాని కొలతకుఁ దమ యూహను కుదించుకొనవలసివచ్చును.

చిత్తూరు మండలమున 1925లో జన్మించిన కృష్ణారెడ్డి, పారిసు నగరమందలి 'అతెలియే 17'లో శిల్పివలె లోహపలకలను లోతుగాఁ జెక్కి లోకఖ్యాతి గాంచెను. 1944లో జన్మించిన అనుపమ్ సూద్ జింకుపలకలపైఁ బనిచేసి ఈ కళలో అగ్రశ్రేణి నందెను. లోహము ముట్టినందున వీరి గౌరవ మేమి తఱిగెను?

ఇఁక కులాహంకారమునకు సమాధాన మక్కఱలేదు; దానిని విడుచుటయే కర్తవ్యము. కోఁతపని నీచమైనచో, దానివలనఁ బుట్టిన చిత్రమును గోడనుండి దించుఁడు. కానిచో, మీ కొమార్తె చేతికి ఉక్కుబద్దయు ఆకురాయియు నిండు.