అంకె చాలదు, అక్షరాలా రాయాలి



మొన్న సెలవులకు తండాకు పోతే మా యాడి ఏడుస్తా కూర్చుంది. మేం అమ్మను యాడి అంటాం. మిరపకోత కూలి డబ్బుల్లోంచి కొట్టుకు 300 కట్టబోయి ఫోన్లో 3000 కొట్టింది. యాడికి అంకెలు తెలుసు, సున్నాలు ఎన్నో తేల్చుకోవడం దగ్గరే తడబడుతుంది. కొట్టాయన మంచివాడు, తిరిగిచ్చాడు. అందరూ అట్లా ఉంటారా?

కంప్యూటర్ మేడమ్‌ను అడిగాను. ఫోను లోపల 300 అనేది లెక్క కోసం దాచుకున్న సంఖ్య. తెర మీద చూపాలంటే దాన్ని అక్షరాల వరుసగా మార్చాలి. ఆ వరుసను స్ట్రింగ్ అంటారు. సంఖ్యలైతే 300కు 300 కలిపితే 600. స్ట్రింగులైతే పక్కపక్కన చేరి 300300 అవుతుంది. ఆండ్రాయిడ్‌లో సంఖ్యను మార్చకుండా నేరుగా తెరకిస్తే, ఆ నంబరు మీద దాచిన మాట ఏదో ఉందనుకొని వెతుకుతుందంట. దొరక్కపోతే యాప్ ఆగిపోతుందంట.

ఎట్లాగూ మారుస్తున్నారు కదా, ఇంకో అడుగు వేయాలని నా అభిప్రాయం. పిన్ అడిగే ముందు ప్రతి యాప్ "అక్షరాలా మూడు వేల రూపాయలు" అని రాయాలి, పైకి చదివి వినిపించాలి. డబ్బు పడగానే కొట్లో పెట్టె తెలుగులో గట్టిగా చెబుతుంది. అది తీసుకునేవాళ్ల కోసం. ఇచ్చే యాడికి చెప్పేదెవరు?

ఇది కొత్త కోరికేం కాదు. చెక్కు మీద అంకెల్లో ఒకటి, అక్షరాల్లో ఇంకొకటి ఉంటే అక్షరాల్లో ఉన్నదే లెక్క అని 1881 నాటి చట్టమే చెబుతోంది.

"మీ అమ్మకు చదువు నేర్పు" అంటారు కొందరు. నేర్పుతున్నా. కానీ చదువుకున్నోళ్ల వేలు జారదా?

ఈ పని భాష తెలిసినవాళ్లే చేయాలి. 300 అంటే మూడు వందలు. అట్లాగని 100ని ఒకటి వందలు అనం, వంద అంటాం. ఇట్లాంటివన్నీ ప్రోగ్రాంలో రాయాలి. తెలుగుకైతే రాసేవాళ్లు దొరుకుతారు. మా లంబాడీలో ఏక్, ది, తీన్ అని చెప్పించేదెవరు? మనలోనే ఎవరో ఒకరు నేర్చుకోవాలి.

వార్డెన్ మేడమ్ గారూ, ఆదివారం ఒక్క గంట కంప్యూటర్ గది తెరిపించండి. ముందు బెంచీలో నేనుంటా.

ఇట్లు,
9వ తరగతి విద్యార్థిని, వెల్దుర్తి