జిల్లా పేరొకచోట, కచ్చేరి యొకచోట

దేశమును రాష్ట్రములుగను, రాష్ట్రములను జిల్లాలుగను విభజించుట పటముమీద గీతలు గీయుటయే యని పలువురి తలంపు. ఆ గీత తన గ్రామము ప్రక్కగా బోయిన రైతు నడిగినచో దాని బరువెంతయో చెప్పగలడు. అతని పహాణీ యే కచ్చేరిలో నుండవలయునో, అతని వ్యాజ్యమే న్యాయస్థానమున నడువవలయునో, అతని కుమారుడు కొలువున కే జిల్లావాడుగా నెంచబడునో, అంతయు నా గీతనుబట్టియే నిర్ణయమగుచున్నది. హైదరాబాదునకు ఉత్తరముననున్న మేడ్చల్, శామీర్‌పేట సీమల చరిత్రమే యిందుకు నిదర్శనము.

నిజాము కాలమున నీ సీమ అత్రాఫ్‌బల్దా జిల్లాలోనిది. అత్రాఫ్‌బల్దా యనగా నగరపు చుట్టుప్రక్కలు. పట్టణము నానుకొని యుండుటయే ఆ జిల్లాకు పేరైనది. అది సర్ఫెఖాస్ భూమి. శిస్తు ప్రభువు సొంత ఖజానాకు జేరెడిది. 1949లో సర్ఫెఖాస్ దివానీలో కలిసిన పిమ్మట హైదరాబాదు జిల్లా యేర్పడెను. 1956 నవంబరు 1న హైదరాబాదు రాజ్యము మూడు ముక్కలై మూడు రాష్ట్రములలో కలిసినను మేడ్చల్ మాత్రము హైదరాబాదు జిల్లాలోనే నిలిచెను. 1978లో నగరమును విడదీసి గ్రామసీమను వేఱుజిల్లా చేసిరి. తొలుత దానికి హైదరాబాదు గ్రామీణ జిల్లా యని పేరు. పిదప కొండా వెంకట రంగారెడ్డిగారి పేరు పెట్టిరి.

వింత యేమన, నగరమునుండి విడిపోయిన యా జిల్లాకు కలెక్టరు కచ్చేరి నగరములోనే యుండిపోయెను. మేడ్చల్ రైతు తన కలెక్టరును జూచుటకు తన జిల్లా హద్దు దాటి పరజిల్లాలోనికి బోవలసివచ్చెను. అయినను దీనిని గూర్చి మొఱపెట్టినవారు మాకంతగా గానరారు. కారణము స్పష్టము: బండిచక్రపు ఆకులవలె బాటలన్నియు నగరమునకే పోవుచున్నవి, బస్సులును వాని వెంటనే పోవుచున్నవి.

1985లో ఎన్.టి. రామారావుగారి ప్రభుత్వము తాలూకాలను దీసి మండలములను బెట్టినప్పుడు కొంత మేలు గలిగెను. ఇన్ని విభజనలలో కచ్చేరిని గ్రామస్థుని గడపకు నిజముగా దగ్గఱ చేసినది అదియే యని మా యభిప్రాయము.

2016 అక్టోబరు 11న, విజయదశమినాడు, తెలంగాణములోని 10 జిల్లాలు 31 అయినవి. 2019లో మఱి రెండు చేరి 33 అయినవి. నాడు పుట్టినదే మేడ్చల్-మల్కాజ్‌గిరి జిల్లా. 2011 జనాభా లెక్కలనుబట్టి యిందు 24 లక్షలకు పైగా జనులు. నూటికి తొంబదిమందికి పైగా పట్టణవాసులు. కచ్చేరి తొలుత కీసరలో నుండెను; 2022 ఆగస్టు 17న శామీర్‌పేట మండలములోని అంతాయిపల్లిలో నూతన భవనమును బ్రారంభించిరి. పేరు మేడ్చల్‌ది, మల్కాజ్‌గిరిది; కచ్చేరి మాత్రము రెంటిలో దేనియందును లేదు. నడుమనున్నది గదా యని యనవచ్చును. పటముమీద నడుమయే. కాని మేడ్చల్ నాగపూరు రస్తామీదను, శామీర్‌పేట కరీంనగరు రస్తామీదను నున్నవి. ఒక యాకుమీదనుండి వేఱొక యాకుమీదికి బోవలసినవాడు అడ్డదారి వెదకుకొనవలయును. మల్కాజ్‌గిరి వీథులలోని వాడు సికింద్రాబాదును వీడి పల్లెపట్టునకు బ్రయాణము గట్టవలయును. 1790లో ఫ్రాంసు దేశమును క్రొత్త జిల్లాలుగా విభజించినవారు, గుఱ్ఱమెక్కినవాడు ఒక్కదినములో ముఖ్యపట్టణము జేరగలుగవలెనని యోచించిరందురు. వారు కొలిచినది ప్రయాణమును.

మా వృత్తిచేత మాకు దెలిసిన చిక్కు మఱియొకటి గలదు. జిల్లా 2016లో బుట్టినను న్యాయజిల్లా పుట్టుటకు 2022 జూన్ 2వ తేది రావలసివచ్చెను. దాదాపు ఆఱేండ్లు ఒకే గ్రామమునకు కలెక్టరు ఒక జిల్లావాడు, జిల్లా న్యాయాధిపతి వేఱొక జిల్లావాడు. శామీర్‌పేటలోని ఒక పాతపొలము హక్కును రుజువు చేయబూనినచో మొదటి కాగితము ఉర్దూలో, అత్రాఫ్‌బల్దా పేర. రెండవది హైదరాబాదు పేర. మూడవది రంగారెడ్డి పేర. నాల్గవది నేటి జిల్లా పేర. పొలము కదలలేదు, కాగితములు మాత్రము కచ్చేరినుండి కచ్చేరికి నడచినవి. నడచినవన్నియు జేరినవని ప్రమాణము చేయుటకు మేము సాహసింపము. నగరము విస్తరించి యెకరము వెల యాకాశమునంటుచున్న యీ సీమలో నొక్క కాగితము దప్పిపోయిన నొక కుటుంబము వీథిపాలగును.

ఉద్యోగుల పాటు చెప్పనక్కఱలేదు. 2018 నాటి రాష్ట్రపతి యుత్తరువు ననుసరించి 2021 డిసెంబరులో 317వ జీ.ఓ. వెలువడినప్పుడు భార్య యొకజిల్లాకు, భర్త యొకజిల్లాకు బోవలసివచ్చిన యుపాధ్యాయు లెందఱో వీథులకెక్కి మొఱపెట్టిరి.

చిన్నజిల్లాలు వలదని మేమనము. పెద్దజిల్లాలో రైతు మొర కలెక్టరు చెవి సోకుట దుర్లభమని మే మెఱుగుదుము. మే మడుగునది మూడే సంగతులు. హద్దు మార్చుటకు ముందు గ్రామసభలో ఆ మార్పును జదివి వినిపించి సమ్మతిని గాని, అసమ్మతిని గాని వ్రాసికొనవలయును. జిల్లా విడినదినముననే న్యాయస్థానమును విడవలయును. సర్ఫెఖాస్ నాటి యుర్దూ దస్తావేజులను దెలుగు చేయించి, మూలముతో గూడ మండల కచ్చేరిలో నుంచి, అడిగిన రైతునకు నకలీయవలయును. ఈ మూడవపనికి గీత గీయ నక్కఱలేదు. నలుగురు ఉర్దూ చదువనేర్చిన గుమాస్తాలు చాలుదురు. ఆ పాతలిపిని జదువగల వృద్ధులు నానాటికి దగ్గిపోవుచున్నారు గాన దానిని ముందు మొదలిడవలయును.