స్కోరు తగ్గిందా? ముందు తప్పుల చిట్టా తీయండి!



మొన్నామధ్య ఓ శుక్రవారం సాయంత్రం, సల్వాలో మా బిల్డింగ్ రెండో అంతస్తులో ఉండే కుర్రాడు తలుపు కొట్టాడు. హైదరాబాద్‌లో ఇంజనీరింగ్ చదివి వచ్చి, ఇక్కడే మూడేళ్ళుగా ఉద్యోగం చేస్తున్నాడు. ఐఎస్‌బీలో మేనేజ్‌మెంట్ చదవాలని కోరిక. చేతిలో జీమ్యాట్ స్కోరు కాగితం.

"రెండోసారి కూడా 555 దాటలేదంకుల్. ఇక చాలు, ఉన్న ఉద్యోగం జాగ్రత్తగా చూసుకోమంటున్నారు నాన్న" అన్నాడు తల దించుకుని.

టీ ఇచ్చి కూర్చోబెట్టాను గానీ, నా మనసు 2008లోకి వెళ్ళిపోయింది. ఆ ఏడు నేనూ ఈ పరీక్ష రాశాను. అనుకున్నదానికన్నా బాగా తక్కువొచ్చింది. కాగితం మడిచి సొరుగులో పడేసి, "ఎంబీఏ మనకెందుకులే" అని అందరితో అన్నాను. అసలు సంగతి మా ఆవిడకొక్కదానికే తెలుసు. ఇప్పుడు మీకూ తెలిసింది! ఆఫీసులో ప్రోగ్రాం ఆగిపోతే ముందు లాగ్ తెరిచే మనిషిని, నా స్కోరు ఎందుకు తగ్గిందో మాత్రం ఒక్కసారీ చూసుకోలేదు.

"రెండోసారికి ముందు ఏం చేశావు నాయనా?" అని అడిగాను.

"పన్నెండు వందల లెక్కలు చేశానంకుల్."

"అందులో తప్పు పోయినవి మళ్ళీ ఎన్ని చూశావు?"

సమాధానం లేదు.

ఇక్కడే ఉంది కిటుకు. మనవాళ్ళది ఎంసెట్ అలవాటు. 180 నిమిషాల్లో 160 ప్రశ్నలు, తెలియనిది వదిలేసి వెనక్కి రావచ్చు. జీమ్యాట్ అలా కాదు. మనం చెప్పే జవాబులను బట్టి తర్వాతి ప్రశ్నల స్థాయి మారుతుంది. జవాబు ఇవ్వనిదే ముందుకు పోనివ్వదు. సెక్షన్ చివర టైం మిగిలితేనే వెనక్కి చూడొచ్చు, అదీ మూడు జవాబుల వరకే మార్చుకోవచ్చు. 2023 నవంబరులో వచ్చిన కొత్త పద్ధతిలో మూడు సెక్షన్లు, ఒక్కోదానికి 45 నిమిషాలు, మొత్తం 64 ప్రశ్నలు. అంటే ప్రశ్నకు రెండు నిమిషాల పైచిలుకు, అంతే. చివర్లో ప్రశ్నలు మిగిలిపోతే స్కోరుకు బాగా దెబ్బ.

అధికారిక వెబ్‌సైటులో ఉచితంగా దొరికే రెండు ప్రాక్టీసు పరీక్షల్లో ఒకటి రాయించాను. తప్పులన్నీ ఒక నోటుబుక్కులో మూడు గళ్ళుగా వేయమన్నాను: రానివి, సరిగ్గా చదవనివి, టైం చాలనివి. వారం తర్వాత నోటుబుక్కు పట్టుకొచ్చాడు. "రానివి" గడిలో ఉన్నవి నాలుగే! సగానికి పైగా టైం చాలనివే. ఒక మొండి లెక్క మీద ఐదు నిమిషాలు కూర్చుని, చివరి నాలుగూ గుడ్డిగా కొట్టాడు.

ఇంకో విచిత్రం చూడండి. డేటా సఫీషియెన్సీ ప్రశ్నల్లో అడిగేది జవాబు ఎంతని కాదు, ఇచ్చిన సమాచారం జవాబుకు సరిపోతుందా లేదా అని. మావాడు ప్రతిసారీ లెక్క చివరిదాకా చేసి, జవాబు తేల్చి, అప్పుడు గుర్తు పెడుతున్నాడు. ఎంసెట్ చదువు అంత గట్టిగా పట్టేసింది మరి!

ఆపైన కొత్త పుస్తకం కొనలేదు. రోజుకు ఇరవై ప్రశ్నలే, కానీ ప్రతి తప్పుకూ కారణం రాయాలి. మూడు నిమిషాలు దాటితే ఒక జవాబు పెట్టి ముందుకు సాగిపోవాలి. మళ్ళీ రాయడానికి 16 రోజుల గడువు చాలు, ఏడాదిలో ఐదుసార్లు రాయొచ్చు. అయితే 16 రోజులకే రాసెయ్యాలని ఎవరూ అనలేదు! మావాడు మూడు నెలలు ఆగాడు.

తల్లిదండ్రులకూ ఒక మాట. ఇప్పటి స్కోరు 205 నుంచి 805 వరకు. మన కాలపు 700, ఇప్పటి 645కు దాదాపు సమానం. పాత కొలబద్దతో పిల్లల్ని కొలవకండి. స్కోరు చూసుకున్నాకే ఏ కాలేజీకి పంపాలో పిల్లలే నిర్ణయించుకుంటారు కాబట్టి, ఒకసారి తగ్గితే కొంప మునిగిపోదు. బంధువుల అబ్బాయికి ఎంతొచ్చిందో భోజనాల దగ్గర ఎత్తకపోతే అదే పదివేలు.

మూడోసారి మావాడికి 635 వచ్చింది. సీటు వస్తుందో లేదో ఇంకా తెలియదు, దరఖాస్తు మాత్రం వెళ్ళింది. ఆ రాత్రి వాళ్ళ నాన్నగారు స్వీట్ల డబ్బాతో పైకొచ్చారు. "ఎంతొచ్చిందన్నది అలా ఉంచండి సార్, వాడు మళ్ళీ తలెత్తుకుని మాట్లాడుతున్నాడు" అన్నారు.

ఆయన వెళ్ళాక సొరుగు తీసి నా పాత కాగితం వెతికాను. కనబడలేదు. ఎందుకు తగ్గిందో తెలుసుకునే దారి నాకు ఇక లేదు. మీ పిల్లలకు ఇంకా ఉంది. కాగితం పారేయనివ్వకండి.

వచ్చే సంచికలో మళ్ళీ కలుద్దాం.