ముట్టుకోకుండా కొనమంటే ఎట్లా?

ఎద్దును కొనేవాడు నోరు తెరిపించి పళ్ళు చూస్తాడు. కుండ కొనే ఆమె వేలితో కొట్టి చప్పుడు వింటది. చెప్పులు కొనేవాడు తొడుక్కుని నాలుగడుగులు నడుస్తాడు. పావుకిలో వంకాయలకు కూడా నొక్కి చూడందే ఎవరూ డబ్బులివ్వరు. ఇందులో తప్పేమీ లేదు, అది కొనేవాడి హక్కు. మరి మన పల్లెల్లోంచి హార్మోనియం కోసం, డోలక్ కోసం పట్నం పోయిన మన పిల్లల్ని మాత్రం "చెయ్యి తియ్" అంటున్నారు. వాయిద్యం చెవితో కొనే సరుకు. దాన్ని ముట్టకుండా, మోగించకుండా, అద్దం బయటినుంచి చూసి డబ్బు కట్టి పొమ్మంటే దాన్ని వ్యాపారం అనాలా, అంటరానితనం అనాలా?

ఇదేమంత సమస్య అని కొందరు మిత్రులు అడగొచ్చు. భూమి సంగతి ఉంది, కూలి రేట్లున్నాయి, శవాన్ని మోసుకుపోడానికి దారి లేని పల్లెలున్నాయి, ఇవన్నీ వదిలేసి సంగీతం షాపుల మీద సంపాదకీయమా అని. కారంచేడు (1985), చుండూరు (1991) పేర్లు వింటూ పెరిగిన వాళ్ళం మేము. పెద్ద గాయమేదో చిన్న గాయమేదో మాకూ తెలుసు. కానీ పాట లేకుండా మన సభ ఎప్పుడన్నా జరిగిందా? పాట కావాలంటే వాయిద్యం కావాలి. వాయిద్యం కావాలంటే షాపు గుమ్మం ఎక్కాలి. ఆ గుమ్మంలో ఏం జరుగుతున్నదో రాయకపోతే ఇది మన పత్రిక ఎందుకవుతుంది?

ఈ మధ్య మా దృష్టికొచ్చిన ఒక పల్లె సంగతి చెప్తాం. పల్లె పేరు, షాపు పేరు వద్దు. అక్కడి కుర్రాళ్ళు కళాబృందం పెట్టుకున్నారు. ఏప్రిల్ 14 అంబేడ్కర్ జయంతికి సొంత వాయిద్యాలతో పాడాలని వాళ్ళ కోరిక. మిరపకోతలకు పోయే ఆడవాళ్ళు తలా రెండు రోజుల కూలి ఇచ్చారు. అంతా కలిపి పదహారు వేలయింది. వెంట ఒక పెద్దాయన్ని తీసుకుపోయారు. ఆయన ముప్పై ఏళ్ళుగా చర్చిలో హార్మోనియం వాయిస్తున్నాడు. సరిగమలు రాయడం రాదు గానీ మెట్టు తప్పిందంటే ఆయన చెవికి దొరక్కుండా పోదు.

షాపులో మొదటి ప్రశ్న "ఏం కావాలి" అని కాదు, "ఏ ఊరు" అని. ఊరు పేరు చెప్పారు. రెండో ప్రశ్న: "ఊళ్ళోనా, పల్లెలోనా?"

ఈ రెండో ప్రశ్న ఎందుకడుగుతారో మన పాఠకులకు విడమరిచి చెప్పే పని లేదు. కులం పేరు నోటితో అనకుండా కులం అడిగే తెలివి అది. పల్లె అనగానే ఆ మనిషి కూర్చున్న చోటినుంచి లేవలేదు. "చర్చికా?" అన్నాడు. "కాదన్నా, జయంతికి" అన్నారు పిల్లలు. "కొనేదుంటేనే దింపుతా. మీటి చూసి పోయేవాళ్ళు రోజూ పదిమంది వస్తారు" అన్నాడు. పెద్దాయన ముందుకు పోయి పెట్టె తిత్తి మీద చెయ్యేశాడు. "ఏయ్ పెద్దాయనా, చెయ్యి తియ్, పాలిష్ పోద్ది." ఆ తర్వాత నవ్వుతూ ఇంకో మాట. "అయినా మీకు డప్పు ఉందిగా, ఈ పెట్టె ఎందుకు?"

అదే వేళకు ఒకాయన కారులో కూతుర్ని తీసుకుని కీబోర్డు కోసం వచ్చాడు. ఆయనకు కుర్చీ వేశారు. మూడు కీబోర్డులు దింపి కరెంటు పెట్టారు. ఆ పాప అరగంట సేపు మూడూ వాయించి చూసింది. ఏదీ నచ్చలేదు. "ఫర్వాలేదు సార్, కొత్త సరుకు రాగానే ఫోన్ చేస్తా" అని గుమ్మం దాకా సాగనంపారు. ఆ పాప మీద మాకేం కోపం లేదు. అట్లాగే చూడాలి వాయిద్యాన్ని. ఆ అరగంట మన పెద్దాయనకు ఎందుకు లేదన్నదే మా ప్రశ్న.

జయంతి మర్నాడే. ఉత్త చేతులతో వెనక్కి పోతే డబ్బులిచ్చిన ఆడవాళ్ళకు ఏం చెప్పాలి? కట్టమన్నంత కట్టి పెట్టె మోసుకొచ్చారు. ఇంటికొచ్చి తెరిస్తే రెండు మెట్లు పలకవు, తిత్తిలో గాలి నిలవదు. బిల్లు అంటూ ఇచ్చింది ఒక తెల్లకాయితం, దాని మీద ఒక అంకె. తిరిగి తీసుకుపోతే "వాయించడం రాక మీరే పాడుచేశారు" అన్నాడు. ముప్పై ఏళ్ళు వాయించిన మనిషిని పట్టుకుని.

తర్వాత ఎనిమిదిమంది కలిసి పోయారు, డబ్బులిచ్చిన ఆడవాళ్ళు ఇద్దరు, ఒక పంతులు, మిగతావాళ్ళు కుర్రాళ్ళు. గొడవ చెయ్యలేదు. షాపు మధ్యలో నిలబడి, పదిమంది వింటుండగా, పెట్టె తెరిచి పలకని మెట్లు పలికించమని అడిగారు. యజమాని రీడ్లు మార్పించి ఇచ్చాడు. బిల్లు కూడా రాసిచ్చాడు. అన్న మాట మాత్రం వెనక్కి తీసుకోలేదు. ఆ పెద్దాయన మళ్ళీ ఆ పట్నం పోనంటున్నాడు.

"మీకు డప్పు ఉందిగా" అన్న మాట దగ్గర కాసేపు ఆగాలి. అవును, ఉంది. డప్పు మాది అని చెప్పుకోవడానికి మాకు సిగ్గు లేదు. 1994 జూలై 7న ప్రకాశం జిల్లా ఈదుముడిలో పుట్టిన ఉద్యమం తన పేరే దండోరా అని పెట్టుకుంది. ఊళ్ళో చావుకీ, చాటింపుకీ, జాతరకీ వెట్టిగా కొట్టించుకున్న డప్పును మన సభల ముందు నిలబెట్టింది మనవాళ్ళే. కానీ షాపువాడు అన్నది ఆ డప్పు గొప్పతనం గురించి కాదు. మీ చేతికి అదే చాలు, ఇది ముట్టుకోవద్దు అని. వాయిద్యాలకు కూడా ఊరూ పల్లే అని గీత గీస్తున్నాడు. డప్పు కొట్టే చెయ్యి హార్మోనియం మెట్ల మీద ఆడకూడదా? వీణ నేర్చుకోవాలని మన పాప అడిగితే నవ్వాలా?

ఇంతకీ ఆ షాపులో గాజు బీరువాల్లో ఉన్న వాయిద్యాల సంగతేంటి? తబలాకు మేకతోలు. మృదంగానికి ఆవు, మేక, గేదె తోళ్ళు మూడూ కావాలి. ఆ తోలు ఎవరు వలిచారు, ఎవరు నానబెట్టి వెంట్రుక తీశారు, కంపు భరించి ఎవరు ఆరబెట్టారు? తమిళనాడు సంగతి ఒకటి మనవాళ్ళందరికీ తెలియాలి. అక్కడ మృదంగాలు తయారుచేసే కుటుంబాల్లో చాలామంది దళిత క్రైస్తవులు. కచేరీల్లో వాయించిన విద్వాంసుల పేర్లు అందరికీ తెలుసు, చేసినవాళ్ళ పేర్లు ఎవరికీ తెలియవు. కర్ణాటక గాయకుడు టి.ఎం. కృష్ణ ఆ కుటుంబాలను వెతికి, వాళ్ళతో మాట్లాడి 'సెబాస్టియన్ అండ్ సన్స్' అనే పుస్తకం రాశాడు. 2020లో అది వచ్చింది. దాని ఆవిష్కరణ సభకు చోటిస్తామన్న చెన్నై కళాక్షేత్ర ఆఖర్న అనుమతి వెనక్కి తీసుకుంది. ఆ తోలు మీద మోగే మృదంగానికి వేదిక ఉంది, దాన్ని చేసిన చేతుల కథకు మాత్రం చోటు లేకపోయింది.

ఇంకొకటి. పన్నెండు మెట్ల కిన్నెర ఏ షాపులోనన్నా దొరుకుతుందేమో అడిగి చూడండి. దాన్ని బతికించింది డక్కలివాళ్ళు. నాగర్‌కర్నూల్ జిల్లా దర్శనం మొగిలయ్యకు 2022లో పద్మశ్రీ ఇచ్చారు. షాపు ముఖం చూడకుండానే తరతరాలుగా వాయిద్యం చేసుకుని వాయించిన జాతికి, వాయించడం రాదని చెప్పేవాడు ఎవడు?

హార్మోనియం కథ మరీ విచిత్రం. అది యూరపునుంచి వచ్చిన పెట్టె. మన రాగాలకు పనికిరాదని 1940లో ఆలిండియా రేడియో దాన్ని వెలేసింది. 1971 దాకా లోపలికి రానివ్వలేదు. ముప్పై ఏళ్ళు రేడియో గుమ్మం బయట నిలబడ్డ పెట్టెను మన చర్చిలు, మన నాటకాల వాళ్ళు, మన భజన గుంపులు ఆదరించి పెట్టుకున్నారు. ఇవాళ అదే పెట్టె మీద చెయ్యెయ్యొద్దని మనకు చెప్తున్నారు!

ఇక్కడ ఒక మాట న్యాయంగా చెప్పాలి. షాపులో కసురుకునే ప్రతివాడూ కులం చూసే కసురుకుంటున్నాడని మేము అనడంలేదు. కొందరు చిరిగిన చొక్కా కనిపిస్తే చాలు, ఏ కులమైనా కసురుతారు. లోపల నిలబడి సరుకు దింపే గుమాస్తా కూడా చాలాసార్లు మనలాంటి ఇంటి పిల్లాడే. నెలజీతం చాలదు, గీత పడిందంటే యజమాని జీతంలో కోస్తాడు. అతని భయం అతనిది. అతని మీద మీసం తిప్పడం పోరాటం కాదు. తేడా ఎట్లా తెలుస్తుందంటే, వాళ్ళడిగిన ప్రశ్నను బట్టి తెలుస్తుంది. "బడ్జెట్ ఎంత" అనేది వ్యాపారం. "ఊళ్ళోనా పల్లెలోనా" అనేది వ్యాపారం కాదు. పక్కవాడికి దింపిన సరుకు నీకు దింపనన్నాడంటే ఇంక అనుమానం అక్కర్లేదు.

చట్టం ఏమంటున్నదో పిల్లలకు చెప్పండి. రాజ్యాంగం 15(2) అధికరణంలో బావులు, చెరువులు, రోడ్ల కంటే ముందే దుకాణాల పేరుంది. దుకాణం అంటే అర్థమేంటని 1948 నవంబరు 29న రాజ్యాంగ సభలో ప్రశ్న వచ్చింది. వచ్చి అడిగినవాళ్ళకు సేవ చేయడానికి సిద్ధపడి యజమాని తెరిచిపెట్టిన ఏ చోటైనా దుకాణమేనన్న అర్థంలో బాబాసాహెబ్ జవాబు చెప్పాడు. తలుపు తెరిచి పెట్టాక వచ్చినవాడి కులం అడిగే పని లేదు. పౌరహక్కుల పరిరక్షణ చట్టం (1955) ఆరో సెక్షన్ ప్రకారం, మిగతావాళ్ళకు అమ్మే వేళకే, అదే చోట, అవే షరతుల మీద అంటరానితనం కారణంగా మనకు సరుకు అమ్మకపోతే నెల నుంచి ఆరు నెలల దాకా జైలు, జరిమానా. "అవే షరతులు" అన్న మాటకు గీత గీసుకోండి. నలుగురి ఎదుట కులం పేరుతో తిడితే అత్యాచారాల నిరోధక చట్టం (1989) ఉంది. 2016 జనవరి 26 నుంచి అమల్లోకొచ్చిన సవరణలో కులం పేరుతో దూషించడాన్ని, షాపులోకి రానివ్వకపోవడాన్ని విడివిడి నేరాలుగా రాశారు. ఆరు నెలల నుంచి అయిదేళ్ళ దాకా శిక్ష. దర్యాప్తు డి.ఎస్.పి. హోదాకు తగ్గని అధికారి చేయాలి. అయితే ఆ చట్టాన్ని ప్రతి పెడసరపు మాటకూ తియ్యొద్దు. ఏ మాట అన్నాడో, ఎవరు విన్నారో, ఎన్ని గంటలకో ఆ పూటే కాయితం మీద పెట్టండి. సాక్షి లేని కోపం స్టేషన్లో నిలవదు.

కులం మాట రాకపోయినా సరుకు పాడైందంటే అది వినియోగదారుల రక్షణ చట్టం (2019) కిందికొస్తుంది. బిల్లు ఇవ్వకపోవడమే ఆ చట్టం ప్రకారం అక్రమ వ్యాపారం. బిల్లు మీద గడువు రాయకపోతే 30 రోజుల్లోపు లోపమున్న సరుకు తిరిగి తీసుకోవాల్సిందే. 1915 నంబరుకు ఫోన్ చేయొచ్చు. జిల్లా కమిషన్లో ఫిర్యాదు మనం ఉండే జిల్లాలోనే వేయొచ్చు, పట్నాల చుట్టూ తిరగనక్కర్లేదు. 5 లక్షల లోపు సరుకుకు రుసుము లేదు. రెండేళ్ళ లోపు వేయాలి.

షాపువాడి ముఖం చూడకుండా ఫోన్లోనే కొనుక్కుందాం అనే కుర్రాళ్ళున్నారు. ఫోన్ ఎవరినీ ఊరా పల్లా అని అడగదు, నిజమే. కానీ ఫోన్లో తిత్తి నొక్కి చూడలేవు, తోలు చప్పుడు వినలేవు. కొనబోయే ముందు ఫోన్లో రేట్లు చూసి రాసుకుపోవడానికి మాత్రం బాగా పనికొస్తుంది. రేటు తెలిసినవాడితో మాట మర్యాదగా ఉంటుంది.

ఇక పోయేటప్పుడు, ఒంటరిగా పోవద్దు. ముగ్గురికి తగ్గకుండా, అందులో ఒకరు వాయించేవాళ్ళు. జయంతి ముందురోజు అసలు పోవద్దు. మనం తొందరలో ఉన్నామని తెలిస్తే వాడి నోరు లేస్తుంది. హార్మోనియం అయితే తిత్తి పూర్తిగా తెరిచి, ఏ మెట్టూ నొక్కకుండా మెల్లగా నెట్టండి. గట్టిగా నిలబడాలి, ఊరికే జారిపోతే గాలి కారుతున్నట్టు. ఎడమ చివరి మెట్టు నుంచి కుడి చివర దాకా ఒక్కొక్కటే పలికించండి. మామూలుగా మూడుంపావు స్థాయిల పెట్టెకు 39 మెట్లుంటాయి, మూడున్నరదానికి 42. ఒక్కటి కూడా వదలొద్దు. వదిలేసిన తర్వాత కూడా మోగే మెట్టుందేమో చూడండి. డోలక్‌కు రంగు కింద చెక్కలో పగులు దాచి ఉంటుంది, చేత్తో తడిమితే తెలుస్తుంది. రెండు వైపులా కొట్టి వినండి. డబ్బులు అప్పుడు తియ్యండి, బిల్లు మీద సరుకు పేరు రాయించండి.

"ముట్టుకోవద్దు" అంటే గొంతు పెంచకుండా ఒక్క మాట అడగండి: "ఇందాక వాళ్ళు ముట్టుకున్నారు గదండీ, మేమెందుకు ముట్టుకోకూడదు?" జవాబు ఏమొచ్చినా అందరికీ వినపడేటట్టు అడగండి.

ఏ పట్నంలో, ఏ తేదీన, ఏ వాయిద్యం కోసం పోతే ఏమడిగారో, ఏమన్నారో మాకు రాసి పంపండి. మర్యాదగా చూపించి, మోగించుకోనిచ్చి, బిల్లిచ్చిన షాపులు కూడా ఉన్నాయి, వాటి సంగతీ రాయండి. మన కళాబృందాలకు ఎటు పోవాలో తెలుస్తుంది. ఆ పల్లె పెద్దాయనకు డోలక్ కూడా ఒకటి కొనాల్సి ఉంది. ఈసారి ఏ పట్నం పోదామని అడుగుతున్నారు.